గామా కిరణాలూ వేరే గ్లాసూ

కొత్తగా కెమిస్ట్రీ లెక్చరర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మోల్ లెక్కలు పిల్లల బుర్రకి ఎక్కించడం ఎలా మేడం అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను, కాఫీ ఇచ్చి పంపిస్తాను. కానీ ఒక ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. క్లాసులో చెప్పిన పాఠం నిజమేనని క్లాసు బయట కూడా నిలబడి చెప్పాల్సి వస్తే ఏం చెయ్యాలి మేడం, అని. అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. బోరు కొడితే పేజీ తిప్పేయండి, నాకేం కోపం లేదు. ఉన్న కోపమంతా ఇంకో విషయానికి దాచుకున్నాను.

నేను చివరగా పనిచేసింది నల్లపాడు దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో. ఒకవైపు పత్తి చేలు, ఇంకోవైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు. సీజన్‌లో కిటికీ తీశామంటే క్లాసంతా తుమ్ములే. తుమ్ములు ఆగాక అవగాడ్రో సంఖ్య దగ్గర మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. పిల్లల్లో ఎక్కువమంది పల్నాడు వైపు నుంచీ ప్రకాశం జిల్లా నుంచీ వచ్చిన రైతుల పిల్లలు. మిగతావాళ్ళు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవాళ్ళ పిల్లలు.

మోల్ అంటే ఏమిటో చెప్పడానికి ఒకరోజు వాళ్ళకి తెలిసిన వస్తువుతోనే మొదలుపెడదామనుకున్నాను. డజను అంటే పన్నెండు, అలాగే మోల్ అంటే ఇన్ని అణువులు, మీ యార్డులో బస్తాని టిక్కీ అంటారే, ఆ మిర్చి టిక్కీ లాగా అనుకోండి అన్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"టిక్కీ అంటే తూకం కద మేడం. అందులో ఎన్ని కాయలున్నాయో ఎవరు లెక్కపెడతారు? తేలిగ్గా ఉండే తాలుకాయలైతే ఇంకా ఎక్కువ పడతాయి."

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, నిజానికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక మోల్ కార్బన్‌లోనూ ఒక మోల్ సీసంలోనూ పరమాణువుల లెక్క ఒకటే, తూకం వేరు. ఆ తేడా చెప్పడానికి ఏళ్ళ తరబడి నానా తంటాలు పడ్డాను. ఆ పిల్ల తాలుకాయలతో తేల్చేసింది. ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు పక్షపాతం. టీచర్లకి పక్షపాతం ఉండకూడదంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ క్లాసులో నిలబడి ఉండరు.

ఆ పిల్లకి తండ్రి లేడు. వాళ్ళమ్మ ఒక మసాలా ఫ్యాక్టరీలో పనిచేసేది. విదేశాలకి పంపే మిరప్పొడిలో పురుగూ బూజూ క్రిములూ చావడానికి ఆ ఫ్యాక్టరీలో గామా కిరణాలు పట్టిస్తారు. ప్యాక్ చేసిన అట్టపెట్టెలు బెల్టు మీద మందపాటి గోడల గదిలోకి పోతాయి, అవతలి నుంచి బయటికొస్తాయి. ఆమె పని ఇవతల నిలబడి పెట్టెలు బెల్టు మీదికి ఎక్కించడం. ఈ సంగతులన్నీ నాకు ఎలా తెలిశాయంటే, రేడియోధార్మికత పాఠం రోజున, గామా కిరణాలు ఎక్కడ వాడతారో ఎవరైనా చెప్పండి అని అడిగితే, ఆ పిల్లే లేచి చెప్పింది. ఆసుపత్రి అని అందరూ చెప్పే జవాబు కాదు. కోబాల్ట్ అరవై పేరుతో సహా చెప్పింది. మా అమ్మ అక్కడే పనిచేస్తుంది మేడం అని చెబుతున్నప్పుడు ఆ మొహంలో గర్వం చూడాలి. నేను క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. నేనిప్పుడు దానికేమీ నొచ్చుకోవడం లేదు, ఈ రోజైనా అదే ప్రశ్న అడుగుతాను, అలాగే చప్పట్లు కొట్టిస్తాను.

ఆ వారంలోనే హాస్టల్లో కొందరికి కడుపులో తిప్పింది. మెస్‌లో సాంబారు తిన్నవాళ్ళెవరికైనా అప్పుడప్పుడూ తిప్పేదే, అందులో వింతేం లేదు. బోరు నీళ్ళ ఉప్పుకి జుట్టు రాలడం కూడా పాత సంగతే. కానీ ఈసారి ఎవరో దీన్నీ దాన్నీ ముడిపెట్టారు. ఆ పిల్ల వాళ్ళమ్మ పంపిన కారప్పొడి అందరం వేసుకున్నాం కదా, ఆవిడ అణు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది కదా, అని. వార్డెన్ ఫోన్‌లో అణుబాంబు వీడియోలు కొన్ని చూసింది. మిగతా పని ఆ వీడియోలే చేశాయి.

నాకు తెలిసింది కొన్ని రోజుల తర్వాత. ఒక మధ్యాహ్నం మెస్ మీదుగా వెళుతుంటే ఆ పిల్ల కొళాయి దగ్గర తన గ్లాసు తను కడుక్కుంటోంది. గ్లాసు అడుగున నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టి ఉంది.

"ఏంటమ్మా ఆ చుక్క?"

"నాది వేరే మేడం." తలెత్తకుండానే చెప్పింది. "పళ్ళెం కూడా."

మంచం కూడా వేరే. పై అంతస్తులో అందరితో పాటు ఉండే మంచాన్ని వరండా చివర, పాత పరుపులు పడేసే గది పక్కకి జరిపించారు. పగలంతా అందరితో క్లాసులో కూర్చోవచ్చు, ఎందుకంటే ఫీజు కట్టింది. రాత్రి మాత్రం దూరం.

నేను నేరుగా వార్డెన్ గదికెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. జ్వరమొస్తే పిల్లల పక్కనే కూర్చుని గంజి తాగించే మనిషి. అందుకే నాకు ఇంకా మండింది.

"మీరు సైన్సు మేడం, మీకు నేను చెప్పాలా?" అంది. "మిరప కళ్ళంలో పనిచేసొచ్చిన ఆడమనిషి ఇంటికొచ్చి చీర దులిపితే ఇంటిల్లిపాదికీ దగ్గు రాదా? చేతులు ఎన్నిసార్లు కడిగినా బిడ్డ కంట్లో పడితే మంట పుట్టదా? ఇదీ అంతే. ఆవిడ ఒంటికంటుకున్నది పిల్లకంటుకుంటది, పిల్లనుంచి మిగతావాళ్ళకి."

ఆవిణ్ణి తప్పు పట్టలేకపోయాను. ఎందుకంటే ఈ నేల మీద పుట్టిన మనిషి ఇంకెలా ఆలోచిస్తుంది? ప్రమాదం అంటే ఆవిడకి తెలిసింది మిరప ఘాటు. అది అంటుకుంటుంది, వదలదు, మనిషి నుంచి మనిషికి పోతుంది. దాన్నే తెచ్చి గామా కిరణానికి తగిలించింది.

"ఘాటు అంటే పొడి అండీ. గామా కిరణం పొడి కాదు. ఎండ లాంటిది," అన్నాను. "కళ్ళంలో కాయలు ఎండలో ఆరబోస్తారు. ఎండ తగిలిన కాయ రాత్రికి వెలుగుతుందా?"

"ఏమో మేడం. ఇంతమంది పిల్లలు నా నెత్తి మీదున్నారు. రేపేదన్నా అయితే మీరొచ్చి సమాధానం చెబుతారా?"

"చెబుతాను," అన్నాను. మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత పెద్ద మాటో తెలియలేదు.

వేరే గ్లాసు, వేరే పళ్ళెం, ఊరి చివర పడక. ఈ ఏర్పాటు మనకి కొత్తదేం కాదు. మన తాతల కాలంలో దానికి ఇంకో పేరు ఉండేది, ఇంకో కారణం చెప్పేవాళ్ళు. ఇప్పుడు దానికి నా సబ్జెక్టు పేరు పెట్టారు. అదే నాకు తట్టుకోలేనిది అయిపోయింది. నేను ఇన్నేళ్ళు నోరు నొప్పి పుట్టేలా చెప్పిన పాఠాన్ని తీసుకెళ్ళి ఒక పిల్ల మంచం ఈడ్చడానికి వాడుకున్నారు.

ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. మెత్తగా మాట్లాడుతూనే మనిషిని గుమ్మం దాటించేస్తాడు.

"ఆదివారం పేరెంట్స్ వస్తారు కదా మేడం. వాళ్ళమ్మతో పంపించేద్దాం. పరీక్షలకి ఇంటి దగ్గర్నుంచి వచ్చి రాసుకుంటుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"కాయ కోతల టైములో ఇంటికెళ్ళిన పిల్ల మళ్ళీ పరీక్షలకి వస్తుందాండీ? కోతకి పోతుంది. మీకు తెలీదా?"

ఆయనకి తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు, అది కాసేపటికి బయటపెట్టాడు. యార్డులో పెద్ద కమీషన్ వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడట. ఆయన కూతురు మా సెకండియర్‌లోనే ఉంది. ఆయన మాట మీద చుట్టాల పిల్లలు, బేరగాళ్ళ పిల్లలు చాలామంది మా కాలేజీలో చేరారు. ఆ పిల్ల ఉంటే మా పిల్లల్ని తీసుకుపోతాం అన్నాడట.

స్టాఫ్ రూంలో ఫిజిక్స్ సార్‌తో గొడవ చెప్పుకున్నాను. మంచివాడు, సబ్జెక్టు నాకంటే బాగా తెలిసినవాడు. ఆయన పిల్లలిద్దరూ అదే మేనేజ్‌మెంట్ స్కూల్లో రాయితీ మీద చదువుతున్నారు.

"మీరు చెప్పేది నూటికి నూరుపాళ్ళు రైటు మేడం," అన్నాడు. "కానీ మనకెందుకు చెప్పండి?"

"మీ న్యూక్లియర్ ఫిజిక్స్ సార్ ఇది. నా కెమిస్ట్రీ. మనకి కాకపోతే ఇంకెవరికి?"

ఆయన టీ గ్లాసు కడగడానికి లేచాడు. నేను పుస్తకాలు తీసుకుని క్లాసుకెళ్ళిపోయాను.

శనివారం నేను సిలబస్ పక్కన పడేశాను. బోర్డు మీద ఒక మోల్ లెక్క రాశాను. మనిషి ఒంట్లో ఇంత పొటాషియం ఉంటుంది, అందులో చాలా చాలా కొద్ది భాగం రేడియోధార్మిక పొటాషియం, మరి అలాంటి పరమాణువులు మనలో ఎన్ని ఉంటాయో కట్టండి అన్నాను. పిల్లలు గ్రాములు మోల్స్‌లోకి మార్చారు, అవగాడ్రో సంఖ్యతో గుణించారు, శాతం తీశారు. రెండున్నర ఇంటూ టెన్ పవర్ ట్వంటీ దగ్గర అందరూ ఆగారు. వాటిలో సెకనుకి కొన్ని వేలు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయని చెప్పాను. పడుకున్నప్పుడు కూడా, పరీక్ష రాస్తున్నప్పుడు కూడా.

"అందరిలోనా మేడం?"

"అందరిలోనూ."

"వార్డెన్ ఆంటీలో కూడా?"

"మనిషి ఎంత పెద్దగా ఉంటే పొటాషియం అంత ఎక్కువ," అన్నాను.

పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. వ్యాపారి కూతురు మాత్రం నవ్వలేదు. తన లెక్కని రెండోసారి మొదటి నుంచీ చేసుకుంటూ కూర్చుంది. వరండా చివర పడుకుంటున్న పిల్ల తన చేతివంక చూసుకుంది, తర్వాత పక్క పిల్ల చేతివంక చూసింది. ఆ చూపు చూశాక, రేపు నేను ఊరుకోను అని నాకు తెలిసిపోయింది.

మా కాలేజీలో పేరెంట్స్ ఆదివారానికి ఒక పద్ధతి ఉండేది. తల్లులు తెచ్చిన క్యారియర్లన్నీ మెస్ హాల్లో బల్లల మీద వరసగా విప్పేవాళ్ళు. ఎవరి గిన్నెలో చెయ్యి ఎవరు పెట్టినా అడగరు. ఒకరి గోంగూర, ఇంకొకరి పులిహోర, అందరికీ అన్నీ. ఆ రోజు ఆ పిల్ల తల్లి కూడా వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. గిన్నె విప్పి బల్ల మీద పెట్టింది. ఆ బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమె మూత మళ్ళీ పెట్టేసింది.

ప్రిన్సిపల్ ఆమెని పక్కకి పిలవబోతుంటే నేను హాలు మధ్యకెళ్ళి నిలబడ్డాను.

"ఒక్క పది నిమిషాలు. మీ పిల్లలకి నేను చెప్పే పాఠం ఇవాళ మీక్కూడా చెబుతాను."

"మేడం, ఇప్పుడెందుకు?" అని ప్రిన్సిపల్ నెమ్మదిగా అన్నాడు. నాకు వినపడనట్టే ఉండిపోయాను.

కరెంటు పోతే వాడే టార్చి వార్డెన్ దగ్గరుంటే తీసుకున్నాను. ముందు వరసలో కూర్చున్న, ఆ ఫోన్ చేసిన వ్యాపారి గారిని చెయ్యి చాపమన్నాను. అరచేతి మీద వెలుతురు వేశాను, ఆపేశాను.

"చేతిలో వెలుతురేమైనా మిగిలిందా అండీ?"

"లేదు."

ఒక తల్లి గిన్నెలోంచి చిటికెడు కారం తీసి అదే అరచేతిలో వేశాను. దులపమన్నాను.

"ఇప్పుడు కన్ను నలుపుకోండి."

"పుట్టిందగ్గర్నుంచీ మిరపకాయల్లోనే ఉన్నానమ్మా, నాకు తెలవదా ఆ మంట!" అన్నాడాయన. హాల్లో నవ్వులు లేచాయి. ఆయన కూడా నవ్వాడు.

"గామా కిరణం మొదటి రకం. మీరంతా రెండో రకం అనుకుంటున్నారు," అన్నాను. దాచకుండా అసలు సంగతి కూడా చెప్పాను. ఆ గదిలో ఉన్న కోబాల్ట్ నిజంగా ప్రమాదమే. ఉక్కు కడ్డీల్లో పెట్టి సీలు వేసి, పనిలేనప్పుడు లోతైన నీళ్ళలో ముంచి ఉంచుతారు. అది నీళ్ళలోంచి పైకొచ్చినప్పుడు గదిలో మనిషి ఉంటే బతకడు. అందుకే అంత మందాన గోడలు. కిరణం పెట్టెని తాకుతుంది, వెళ్ళిపోతుంది. పెట్టెకి అంటుకోదు. గోడకి ఇవతల నిలబడ్డ మనిషి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

"అమ్మా, మీరెప్పుడైనా ఆ గదిలోకి వెళ్ళారా?" అని ఆ తల్లిని అడిగాను.

"లోపలికా? ఆ గుమ్మం దాకా కూడా రానివ్వరండి మమ్మల్ని," అంది. "ఇటుపక్క పెట్టెలు ఎక్కించడమే. మెడలో బ్యాడ్జీ వేస్తారు, కిరణం తగిలిందేమోనని దాన్ని పట్టుకెళ్ళి చూస్తారు. ఇప్పటిదాకా ఏం లేదనే చెప్పారు."

వ్యాపారి అందరినీ ఒకసారి చూసి, హాలు చివరకి గొంతు పెంచాడు. అప్పుడు చూశాను, తలుపు దగ్గర ఫిజిక్స్ సార్ నిలబడి ఉన్నాడు.

"ఏం సార్, మేడం చెప్పేదంతా నిజమేనా?"

ఫిజిక్స్ సార్ ప్రిన్సిపల్ వంక చూశాడు. నా వంక చూడలేదు.

"నిజమేనండి," అన్నాడు.

నేను గొంతు చించుకుని చెప్పిందంతా ఒక ఎత్తు, మగ మనిషి అన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు. హాల్లో తలలు ఊగాయి. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఏం పణంగా పెట్టాడో నాకు తెలుసు, అందుకని ఈ రోజుకీ ఆయనంటే నాకు గౌరవమే.

వ్యాపారి చెయ్యి తుడుచుకున్నాడు.

"సరేనమ్మా, ఒప్పుకుంటున్నా. మీరు చదువుకున్నోళ్ళు, మీ మాట కాదనను. అయినా సరే, మా పిల్ల పక్కన వద్దు. మనసొప్పదు."

ఇదే మీకు, కొత్తగా చేరిన మీకు, చెప్పాలనుకున్నది. పాఠం అర్థం కావడం వేరు, దాన్ని బట్టి నడుచుకోవడం వేరు. ఆయనకి పాఠం బ్రహ్మాండంగా అర్థమైంది. టార్చీ పనైపోయింది, కారం పనైపోయింది, అవగాడ్రో కూడా ఇక నాకేం సాయం చెయ్యలేడు. అప్పుడు నాకు మిగిలింది ఒకే ఒక్కటి.

"మీ సరుకు ఎగుమతికి పోతుందా అండీ?"

"పోతుంది."

"ఎక్కడ పట్టిస్తారు గామా?"

ఆయన పక్కనున్న బేరగాడి వైపు తిరిగాడు. ఆ బేరగాడు నేల చూపులు చూశాడు.

"ఆవిడ చేత్తో బెల్టు మీద పెట్టే పెట్టెల్లో మీ పెట్టెలు కూడా ఉన్నాయి కదా. అవి ఆ గదిలోపలికి వెళ్ళి వస్తాయి. వచ్చాక వాటిని ఎగుమతి సరుకంటారు, ఇంకో రూపాయి ఎక్కువ రేటు చెబుతారు. గది బయట నిలబడే మనిషి కూతురికి మాత్రం వేరే గ్లాసా? కిరణం లోపలికెళ్ళిన కాయకి అంటుకోదు, బయటున్న మనిషికి అంటుకుంటుందా? ఇదేం సైన్సండీ? నాకు తెలిసిన సైన్సులో లేదు. నాకు తెలిసిన ఇంకో దాంట్లో ఉంది, దాని పేరు మీక్కూడా తెలుసు."

"మేడం, చాలు," అన్నాడు ప్రిన్సిపల్. మొదటిసారి ఆయన గొంతు పెరగడం విన్నాను.

వ్యాపారి మొహం ఎర్రబడింది. ఆ తల్లి గిన్నె సంచిలో పెట్టుకుంది.

"గొడవలొద్దండి. నేను తీసుకెళ్ళిపోతాను. పదమ్మా, బట్టలు సర్దుకో."

"నేను రాను," అంది పిల్ల.

"ఒసే..."

"రానన్నానుగా. పరీక్షలు రాసే వస్తా."

అనేసి, మా అందరి మధ్యలోంచి నడిచి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి పైన ఇనప మంచం గచ్చు మీద ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. వరండా చివర నుంచి. కొంచెం దూరం జరిగి ఆగింది, మళ్ళీ జరిగింది, మళ్ళీ ఆగింది. హాల్లో అందరూ పైకప్పు వంక చూస్తున్నారు.

వ్యాపారి కూతురు లేచి నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాడు తండ్రి.

"ఇనప మంచం నాన్నా. ఒక్కతీ మొయ్యలేదు."

ఆయన ఆపేలోపు మెట్ల మీద ఉంది. దాని వెనక ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకో ఇద్దరు. తర్వాత పైన చప్పుడు ఆగకుండా వచ్చింది, గది దాకా. వార్డెన్ కూడా మెట్ల వైపు నడిచింది. ఆపడానికేమో అనుకున్నాను. "గుమ్మం దగ్గర కాస్త ఎత్తండే, గచ్చు పగులుద్ది!" అని అరుస్తూ పైకెక్కింది.

ఆ తర్వాత ఒకరోజు ప్రిన్సిపల్ నన్ను పిలిచాడు. యార్డుకెళ్ళి ఆయనకొక క్షమాపణ చెప్పి రండి మేడం, అంతటితో అయిపోతుంది అన్నాడు. నేనాయన్ని తిట్టలేదు సార్, ఒక ప్రశ్న అడిగాను, దానికి జవాబు చెబితే అప్పుడు తప్పకుండా వెళ్ళి చెబుతాను అన్నాను. జవాబు రాలేదు. వచ్చే సంవత్సరానికి కెమిస్ట్రీకి వేరే ఏర్పాటు చేసుకుంటున్నామని మెత్తగా చెప్పారు. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు, మీరెప్పుడు రిటైరయ్యారు మేడం అని అడుగుతుంటారు. నేను రిటైరవలేదు, మానిపించారు. మళ్ళీ ఆ హాల్లో నిలబెట్టినా అదే ప్రశ్న అడుగుతాను.

ఆ పిల్ల మాత్రం చివరి పరీక్ష రాసేదాకా అందరి మధ్యన తన మంచం మీదే పడుకుంది.